స్వర్ణ చోట ఫల్గుణ, ఫల్గుణ చోట స్వర్ణ

సభకు అధ్యక్షత వహిస్తున్న మా సాఫ్ట్‌వేర్ సెంటర్ యజమాని సన్యాసిరావు గారికీ, పనులు మానుకుని నా కోసం వచ్చిన పెద్దలకీ, ఈ అరకు చలిలో ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్న నా టీమ్ పిల్లలకీ నమస్కారం. రిటైరయ్యేవాళ్ల చేతికి మైకిస్తే ఓ పట్టాన తిరిగివ్వరని అధ్యక్షులవారు ఇందాకే హెచ్చరించారు. (నవ్వులు)

ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను. పోయిన వానలకి ముందు, ప్రోగ్రాములు రాసుకునే టూల్ అందరికీ ఒకటే ఉండాలని సన్యాసిరావు గారు పట్టుబట్టారు. ఇంటర్నెట్‌లో తెరుచుకునేది కావాలన్నాడు మా టీమ్‌లోని ఫల్గుణ. ఇక్కడ సెంటర్లో అతని పాత కంప్యూటర్ అంతకంటే బరువు మోయలేదు. కంప్యూటర్‌లోనే ఎక్కించుకునేది కావాలంది అదే టీమ్‌లోని స్వర్ణ. వానాకాలమంతా గూడెం కొత్తవీధి అవతల తన ఊరి నుంచే పనిచేస్తుంది, అక్కడ సిగ్నల్ ఉండదు. "అయితే సిగ్నల్ లేనివాళ్లని పనిలోంచి మానిపించేద్దాం" అన్నారు మీరు, సన్యాసిరావు గారూ. గుర్తుందాండీ? తల దించుకోకండి, మీ గురించి మంచి మాట కూడా వస్తోంది. (నవ్వులు)

పిల్లలిద్దరూ నా టూలంటే నా టూలని దెబ్బలాడుకున్నారు. చివరికి ఫల్గుణే వచ్చాడు. "మేడమ్, మా ఊర్లో చోళ్ల సేను కలుపు తీసినప్పుడు ఇయ్యాల మీ సేలో, రేపు మా సేలో అని బదులు పని సేత్తాం. అలాగే నాను స్వర్ణ ఇంటికాడ కూకుంటాను, తను నా కంప్యూటర్ కాడ కూకుంటాది. ఎవులి టూల్ ఆలదే, ఒకలి కట్టం ఒకలికి తెలుత్తాది" అన్నాడు.

అక్కడ వీడు సిగ్నల్ కోసం కాఫీ తోటల్లో ఫోను పైకెత్తుకుని తిరిగి, జలగల చేత కరిపించుకున్నాడు. ఇక్కడ ఈవిడ టూల్ తెరుచుకునేలోపు టీ తాగి, గ్లాసు కడిగి, మళ్లీ టీ పెట్టింది. తిరిగొచ్చాక మళ్లీ దెబ్బలాటే! "స్వర్ణ సెప్పిందే కానీండి మేడమ్" అని వాడు, "కాదు మేడమ్, ఆడు సెప్పిందే. ఆడి కంప్యూటర్ సూస్తే ఏడుపొస్తాది" అని ఈమె.

ఎవరి టూల్ వాళ్లకి ఉండనివ్వండి, రాసినదంతా ఒకేచోటికి చేరేలా నేను చూసుకుంటానని సన్యాసిరావు గారిని అడిగాను. ఆయన "సరే" అన్నారు. ఆ మాట వల్లే స్వర్ణ ఉద్యోగం నిలిచి, ఇవాళ ముందు వరసలో ఉంది. అందుకు మీకు చేతులెత్తి దణ్ణం పెడుతున్నానండీ.

నిన్న ఇద్దర్నీ విడివిడిగా పిలిచి, నా తర్వాత నా కుర్చీలో ఎవరుంటే బాగుంటుందని అడిగాను. ఫల్గుణ స్వర్ణ పేరు చెప్పాడు. స్వర్ణ ఫల్గుణ పేరు చెప్పింది.

సన్యాసిరావు గారూ, ఈసారి తేల్చుకోవలసింది మీరే. నేను మాత్రం నిశ్చింతగా కొండ దిగుతున్నాను. మీ అందరికీ మనసారా ధన్యవాదాలు. ఇక సెలవు.