ట్యాంకు లోపలి మాట

బెంగళూరు శివారులో ఒక పెట్రోలు డిపో, 1978. ఖాళీ చేసిన ట్యాంకులోకి దిగి పాపయ్య అడుగున పేరుకున్న మడ్డి గీకుతున్నాడు. అతని నడుముకు కట్టిన తాడు పట్టుకుని మేస్త్రీ ఆవులప్ప బయట మ్యాన్‌హోల్ దగ్గర కూర్చున్నాడు. లోపలివాడి మాట ఆగకూడదు. ఆగితే తాడు లాగాలి.

"పాపయ్యా, మాట ఆగింది. లాగేదా?"

"లాగద్దు మేస్త్రీ. దగ్గు వచ్చింది, అంతే. దగ్గుతా మాట్లాడేదానికి నాకు రెండు నోర్లు ఉండాయా?"

"దగ్గేటప్పుడు దగ్గుతా ఉండానని చెప్పి దగ్గు. మడ్డి ఎంతుండాది?"

"మోకాటి దాకా. ఎనుము మాదిరి నిలబడుకోని ఉండా. ఎనుమన్నా నయం, దానికి సాయంత్రం ఎవరో ఒకరు నీళ్లు పోసి రుద్దుతారు."

"ఆ, అట్ల మాట్లాడుతా ఉండు. నిన్ను నువ్వు తిట్టుకుంటా ఉన్నంతసేపు నాకు నిమ్మళం."

"అదేం నిమ్మళమప్పా?"

"వారం గాలాడనిచ్చినా మడ్డి కదిలిస్తే గ్యాసు లేస్తాది. ఒక్కొక్కరికి ఒక్కో మాదిరి ఎక్కుతాది. గోపాలప్పకు ఎక్కితే నవ్వుతాడు. వెంకటగిరియప్ప వాళ్లమ్మను తలచుకోని ఏడుస్తాడు. నీకు ఎక్కితే మంచిమాటలు వస్తాయి."

"ఏం మంచిమాటలు?"

"ఏవో. గీకు నువ్వు."

"అయితే నేను బతికి ఉండల్లంటే తిట్టుకుంటానే ఉండల్ల. సరిపోయింది. దానికి నాకు కొదవే లేదు."

"చెక్కపార జాగ్రత్త, గట్టిగా కొట్టద్దు. ఔనూ, సర్జాపురకు పిల్లను చూసేదానికి పోతివి కదా, ఏమాయ?"

"ఏముండాది. పోయే ముందు ఉన్న సీకాయంతా రుద్దుకుంటి. మీద గంధం పూసుకుంటి. గంధమూ పెట్రోలూ కలిసి ఇంకేదో కొత్త వాసన పుట్టె. పిల్ల నాయన బీడీ ముట్టించబోతా నన్ను చూసి అగ్గిపెట్టె మళ్లా జోబీలో పెట్టేసినాడు."

"మర్యాదస్తుడే."

"మర్యాద కాదు, ప్రాణభయం. పిల్ల తల్లి మాత్రం చానా ప్రేమగా పలకరించింది. నేను సంతోషపడితి. చూస్తే లోపల్నుంచి ఖాళీ డబ్బా తెచ్చి, కార్డు లేకుండా కిరసనాయిలు దొరుకుతాదా నాయనా, అనె."

"పిల్ల?"

"పిల్ల కాఫీ లోటా కిటికీలో పెట్టి పోయింది. చేతికిస్తే అంటుకుంటాదని ఎవరో చెప్పినట్టుండారు. నేను లేచి కిటికీ దగ్గరికి పోయి తాగి వచ్చేస్తి. కాఫీ బాగుండె."

"నవ్వించద్దురా, తాడు జారుతాది."

"నవ్వు, నవ్వు. బస్సులో నాకు ఎప్పుడూ సీటు దొరుకుతాది తెలుసా? పక్క సీటు కూడా. బకెట్టు నిండింది, లాగు."

"లాగినా. ఇదో, ఖాళీది పంపిస్తా ఉండా."

"మేస్త్రీ, రేపు మీ ఇంటికి చుట్టాలొస్తారంటనే?"

"ఎవరు చెప్పినారు?"

"కమలమ్మ హోటల్లో అనుకుంటా ఉండ్రి. హొసకోటె వాళ్లంట. మీ చెల్లెలు అనసూయను చూసేదానికంట."

"వస్తారు. నీకెందుకు అది. ఔనురా, యేమిటికి ఈ మధ్య మేస్త్రీ మేస్త్రీ అంటా ఉండావు? ముందంతా నోరారా అన్నా అంటా ఉంటివి. నేనేమన్నా అంటినా నిన్ను?"

"లేదు, సుమ్నే, ఊరికే."

"సుమ్నే ఏంది?"

"మేస్త్రీని మేస్త్రీ అంటే తప్పా? ఆ హొసకోటె ఆయన ఏం చేస్తాడు?"

"బట్టలంగడి."

"బట్టలంగడా. వాసన బాగుంటాది."

"ఏమంటివి?"

"కొత్తబట్టల వాసన. బాగుంటాది అంటా ఉండా."

"పాపయ్యా, గొంతు మారింది. గీకే చప్పుడు రాలే. ఏం చేస్తా ఉండావు?"

"నిలబడుకోని ఉండా. ఒక మాట అడగల్ల. బయట నీ మొహం చూస్తా అడిగే ధైర్యం నాకు లేదు. ఇక్కడైతే నీ మొహం నాకు కనపడదు, నాది నీకు కనపడదు. రేపు దాటితే అడిగీ లాభం లేదు."

"ఏం మాట?"

"అనసూయను నాకిస్తావా?"

"అయ్యో దేవుడా. తాడు గట్టిగా పట్టుకో."

"తాడు ఎందుకు? నేను అడిగేది..."

"గ్యాసు ఎక్కింది. మాట్లాడద్దు. కాదు కాదు, మాట్లాడు, ఆపద్దు."

"ఏమీ ఎక్కలేదప్పా, విను. నేను చెడ్డోణ్ణి కాదు. తాగను. ఆమెను బాగా చూసుకుంటా, నవ్విస్తా. మీ ఇంటికొస్తే ఆమె లోటా నా చేతికే ఇస్తాది. కిటికీలో పెట్టదు."

"మంచిమాటలు మొదలైనాయి. గోపాలప్పా, పరిగెత్తుకోని రా, తాడు పట్టు. లాగు, లాగు."

"లాగద్దండి. కాలు జారె... థూ, నోట్లోకి పోయింది. ఆపండప్పా."

"తల వంచుకో పాపయ్యా, అంచు తగులుతాది. ఆ, వచ్చేసినావు. గోపాలప్పా, పోయి నీళ్లు తేపో. పాపయ్యా, కండ్లు తెరువు. నేను ఎవరు?"

"ఇంకెవరు. చచ్చిన దున్నపోతును లాగినట్లు లాగినోడివి."

"మార్కెట్టు నుంచి బస్సు ఆగే చోట్లు వరసగా చెప్పు."

"కలాసిపాళ్యం, లాల్‌బాగ్, విల్సన్ గార్డెన్, ఆడుగోడి, మడివాళ. మడ్డి ముక్కులో ఉండాది, తలకాయలో లేదు."

"ఆ గీత మీద నడువు."

"నడుస్తా. చూడు. పెండ్లిచూపులకు కూడా ఇంత చక్కగా నడవలే నేను."

"తూలలే. అయితే గ్యాసు ఎక్కలే నీకు."

"లేదని మొత్తుకుంటి కదా."

"అయితే లోపల అడిగింది?"

"ఏం అడిగితి? ఏమీ లే, వదిలెయ్. మడ్డి పూసుకోని కండ్లు తప్ప ఏమీ కనపడలే, ఇది పిల్లను అడిగే మొహమా? ఈ మొహానికి ఎనుమును కూడా ఇయ్యరు."

"తిట్టుకునేది ఆపు. అడిగినావా, లేదా?"

"అడిగితి. యుగాది నుంచి నిన్ను అన్నా అని పిలవలే నేను. అన్నా అంటే ఆమె నాకు చెల్లెలయిపోతాదని భయం. గ్యాసెక్కినోడు యుగాది నుంచి నోరు కట్టుకోని ఉంటాడా? నువ్వే చెప్పు... ఏమప్పా, మాట ఆపేసినావే. నిన్ను నేను తాడేసి లాగల్లనా?"

"కూర్చో. పోయినేడు నువ్వు ఈ పక్క ట్యాంకులో పడిపోతివే, గుర్తుండాదా?"

"పడింది గుర్తుండాది. పడే ముందు ఏం వాగినానో గుర్తులేదు."

"అనసూయను నాకియ్యి అంటివి. అంటా అంటానే పడిపోతివి. దీపావళి ముందర ఎక్కినప్పుడూ అదే మాట. నీకు గ్యాసెక్కిందంటే అదే గుర్తు. అందుకే ఇప్పుడు ఆ పేరు వినంగానే నా ప్రాణం పోయినట్లాయ."

"అయ్యో నా కర్మ. ఈ మాట ఆమెకు తెలుసా?"

"నవ్వుకునేదానికని ఇంట్లో చెప్తి. అందరూ నవ్వినారు. అది నవ్వలే."

"కోపం వచ్చిందా?"

"అప్పటి నుంచి వచ్చిన సంబంధానికంతా ఏదో ఒక వంక పెడతానే ఉండాది. నిన్న హొసకోటె వాళ్ల మాట ఎత్తితే ఒకటే అనింది."

"ఏమని?"

"గ్యాసెక్కినప్పుడంతా ఆయన నా పేరే చెప్తాడంటివే, మంచిగాలిలో ఉన్నప్పుడు ఎప్పుడు చెప్తాడో కనుక్కోని రా అన్నా, వాళ్లొచ్చే లోపల, అనింది."