ఎడమపక్క ఖాళీగానే ఉండె

రాండి, ఇట్లా దగ్గరికొచ్చి కూసోండి. పార్వతమ్మా, బంతి పక్కన పెట్టు తల్లీ. నగింది చాలు. "సాజియా లేకుంటే గెలిచేటోళ్లం" అని ఎవరన్నారు మీలో? నువ్వేనా సునీతా?

అనుకుంటి లే.

సరే, నువ్వే చెప్పు. పోయిన వారం ప్రొద్దుటూరులో బాస్కెట్‌బాల్ ఆట ఆఖరి నిమిషం. జమ్మలమడుగు పిల్లోళ్ల కన్నా మనకు ఒక్క పాయింటే తక్కువ. సాజియాను కాస్తాండే పిల్లకు నువ్వు అడ్డం నిలబడితివి. బాగా నిలబడితివమ్మా, గోడ మాదిరి! ఆ చాటున బంతి తీసుకొని సాజియా యాటికి పోవల్ల? ఖాళీ ఉండే పక్కకు. కాసేటోళ్లు ఇద్దరూ తన మీదికొస్తే, రింగు కాడికి ఉరికే నీకు పాస్. అది ముందే రాసిపెట్టుకునేది కాదు. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ల కండ్లే తేల్చల్ల.

ఆ పాప కుడికే పోయింది. ఆడ ఇద్దరు కాచుకోనుండారు. కంపలో చిక్కిన గొర్రెపిల్ల మాదిరి గీత దాపున ఇరుక్కుపాయ. నీకు పాస్ ఇయ్యను సందు కూడా లేకపాయ.

కుడికే ఎందుకు పోయిందో ఎప్పుడన్నా అడిగితిరా?

మన బడిలో రింగుకు ఎడమపక్క ఏముంది? వంట షెడ్డు. పప్పు గుండిగె. "ఎడమపక్క కూడా ఆడిపించండి సార్" అని ఆ పాప రెండుమార్లు అడిగె. గుండిగెలో బంతి పడితే నాకు మాటొస్తాది, కుడికే పో అంటి. రెండేండ్లు కుడికే తోలినా.

ఇంగో మాట. ఇది ఎవరికీ చెప్పలే. ఆ పొద్దు సాజియా ఎడమకు తిరిగింది. అవునే, తిరిగింది! ఖాళీ చూసి ఒక అడుగేసింది. "కుడి! కుడి!" అని అరిచింది నేను. నా మాట విని మళ్లుకునె.

హెడ్మాస్టరు అడిగితే ఏమంటినో తెలుసా? "ఆ పాపకు ఆట తెలివి లేదు సార్" అంటి. జిల్లా జట్టుకు పంపే కాయితంలో ఆమె పేరు నా చేత్తోనే కొట్టేసినా. పేరు లేకుంటే ఆట మానిపించమని వాళ్ల నాయన ఉస్మాన్ కువైట్ నుంచి ఫోన్ చేసినాడంట. అందుకే మూడు దినాలుగా రాలే.

కాయితం ఇంకా హెడ్మాస్టరు టేబుల్ మీదే ఉంది. రేపు పోతాది. చెప్తే నా మర్యాద పాయ. చెప్పకుంటే ఆ పాప ఆట పాయ. నిన్న వాళ్ల వీధి మొగదాల దాకా పోయి, మళ్లుకొని వస్తి.

అట్ల చూడొద్దు సునీతా. రేపు పొద్దున్నే మీరే పోయి హెడ్మాస్టరుకు చెప్పండి. సారే ఒప్పుకున్నాడని చెప్పండి. అవును, పిల్లోళ్ల మీద ఏసి తప్పుకుంటాండా. నాకు నోరు రాలేదమ్మా, ఏం జేతును?

పోండి, పొద్దు గూకుతాంది. ఇండ్లకు పోయి ఇంత సంగటి తినండి.