గేటు బయటి బల్ల
(శ్రీ హుమాయున్ గారి పదవీ విరమణ సందర్భంగా)

శ్రీ హుమాయున్ గారింటికి పాకిస్తాను రాతలో ఉత్తరాలు వస్తున్నాయని పక్కింటి పద్మావతమ్మ గారు అన్నారట. కొళాయి దగ్గర విన్నవాళ్ళు మరెవరికో చెప్పారట. అభినందన వ్యాసాన్ని ఇటువంటి మాటతో ఆరంభించరాదని తెలుసు. కానీ ఆ 'అట' ముప్పైయేళ్ళు మచ్చలేని ఒక ఉద్యోగి పేరు ఎదుట ప్రభుత్వ దస్త్రంలో ఎక్కింది గనుక, ఇక్కడా ఎక్కవలసిందే.

వారు 1936 జూన్ 12న పులివెందుల తాలూకా కచేరీలో నకలు గుమాస్తాగా కొలువులో చేరారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది ప్రొద్దుటూరులో సీనియర్ గుమాస్తా అయ్యారు. 1960లో జమ్మలమడుగుకు, మన మధ్యకు వచ్చారు.

1965 యుద్ధకాలంలో ముద్దనూరు రైలుస్టేషను వద్ద సైన్యం తాత్కాలికంగా సరుకుల డిపో పెట్టినపుడు, లోపలికి పోయే ప్రతి కూలీ, ప్రతి బండివాని నడవడిక విచారించి, ఇరుగుపొరుగుల్లో ఇద్దరి సాక్ష్యం రాయించి, నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఇచ్చే బాధ్యత వారి మీద పడింది. విన్న మాట మీద వారు ఎవరికీ బిళ్ళ నిరాకరించలేదు. చిలమకూరు బండి బాలసుబ్బయ్య దొంగ అని ఆకాశరామన్న ఉత్తరం వస్తే, ఎండలో సైకిలు తొక్కుకుంటూ పోయి, అది పొలం గట్టు తగాదా తప్ప మరేమీ కాదని తేల్చి, తిరిగి వచ్చి మంచినీళ్ళు తాగకముందే అతనికి బిళ్ళ ఇచ్చారు.

ఆ మరుసటి వారమే పైన చెప్పిన కొళాయి దగ్గరి మాట హుమాయున్ గారి మీద అర్జీగా వచ్చింది. వచ్చిన ప్రతి అర్జీనీ చిట్టాలో ఎక్కించడం నియమం. హుమాయున్ గారు తన మీది అర్జీని తన చేత్తోనే ఎక్కించి, తన పేరు ఎదుట 'విచారణ తేలేవరకు ఇవ్వరాదు' అని రాసి, తన బిళ్ళ తీసి అధికారి బల్లమీద పెట్టారు. తనను తాను విచారించుకోలేరు గదా. అది మనం చేయవలసిన పని.

ఆ ఉత్తరాలు ఉర్దూవి. రాసేది వారి అక్క మహమూదా గారు. ఆమె ఉండేది కడపలో. ఇది మనకు తెలియని సంగతా? పనిమీద కడపకు పోయినపుడల్లా ఆమె ఇంట అన్నం తినని చేయి మన కార్యాలయంలో ఏది? ఆ చేతుల్లో ఒక్కటీ ఆ సంగతి పై అధికారికి రెండు ముక్కలు రాయలేదు. ఈ వ్యాసం రాస్తున్న చేయి కూడా. పదకొండు నెలలు వారు డిపో గేటు బయట, రేకుల పంచలో బల్ల వేసుకొని, నాలుగు వందల పన్నెండు మందికి బిళ్ళలిచ్చి లోపలికి పంపారు. దాహమైతే లోపలి కుండ దగ్గరకు వారిని పోనివ్వలేదు. బాలసుబ్బయ్యే చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు. “నా మెడలో బిళ్ళ నువ్వేసిందే గదా సాయిబూ, నీది యాడబోయె?” అని అతను ఒకనాడు అడిగితే, ఆ పూట కార్యాలయం పనిమీద అక్కడికి పోయిన మేమంతా కాగితాలలోకి తలలు వంచుకున్నాం. డిపో ఎత్తేసిన తరువాత 'ఆధారం లేదు' అని ఒక ముక్క వచ్చింది. కార్యాలయానికి నాలుగు వీధుల అవతల ఉన్న వారింటి సంగతి తేలడానికి పదకొండు నెలలు పట్టింది. అప్పటికీ ఆ ఇంటికి ఎవరూ పోలేదు.

ఈ 1967 జులై ఆఖరున విశ్రాంతి పొందుతున్న వారికి ఇకమీదట ఏ గేటూ అడ్డురాని దినాలు, కంటిచూపు తగ్గని ఆరోగ్యం, శ్రీమతి ఖమ్రున్నీసా గారితో కలిసి అక్కగారి ఉత్తరాలు తీరికగా చదువుకొనే దీర్ఘాయువు కలగాలని మనసారా కోరుతున్నాను. మొన్న శుక్రవారం వారింటి పంచలో కూర్చొని హెడ్ గుమాస్తా కోదండపాణి గారు కూడా ఇట్లే కోరి, “ఆపీసంతా నిన్నెప్పుడూ నమ్మింది మామా” అన్నారు.

హుమాయున్ గారు టీ గ్లాసు కింద పెట్టారు.

“నమ్మినోళ్ళు ఒకరన్నా ఆ నాలుగు వీధులు నడిచొచ్చి, ఈ ఉత్తరం యాడిదని అడగకపోతిరి గదప్పా.”