చాముండేశ్వరి చేత రాయించిన రాజీనామా

ఏంటీ, రాజీనామా రాసిస్తే ప్యాకేజీ అని కొంత డబ్బిస్తామన్నారా మీ ఆఫీసులో? కూర్చో లాస్యా. ముందు మా చాముండేశ్వరి సంగతి విను. నువ్వప్పటికి ఉయ్యాల్లో ఉన్నావులే. అమలాపురం పిల్ల, ఇక్కడే సిడ్నీలో, వెస్ట్‌మీడ్‌లో మా పై ఫ్లాట్‌లోనే, మొగుడు యోగానంద్‌తో ఉండేది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోతాయని లోకమంతా గుండెలు బాదుకుంది చూడు, అదిగో, అది సరిచేసే పనికి తీసుకున్నారు ఈ పిల్లని. పండగా పబ్బమూ లేదు, న్యూ ఇయర్ నాడు కూడా ఆఫీసులోనే. ఏ కంప్యూటరూ ఆగలేదు. ఆగకపోయేసరికి ఇక వీళ్ళెందుకు అనిపించింది పైవాళ్ళకి. పైవాళ్ళంటే ఎవరో కాదు, మనవాడే! రామచంద్ర అని, తెలుగు సంఘంలో పెద్దమనిషి, ఆ పిల్లకి మేనేజరు. గదిలోకి పిలిచి ఎంత తియ్యగా చెప్పాడనుకున్నావ్. 'చూడమ్మా, తీసేశారని తెలిస్తే రేపు ఎవరూ ఉద్యోగమివ్వరు. నువ్వే మానేస్తున్నట్టు రాసిచ్చెయ్. ప్యాకేజీ నేనిప్పిస్తా. నీ మంచికే.' మనవాడు, తెలుగులో చెబుతున్నాడు, నమ్మదా మరి? రాసిచ్చేసింది పిచ్చిది.

తర్వాత ఎక్కడా ఉద్యోగం దొరక్క, పని లేనివాళ్ళకి సర్కారు డబ్బిచ్చే డోల్ ఆఫీసుకెళ్తే, కౌంటర్లో అమ్మాయి, 'మీ అంతట మీరే మానేశారు కాబట్టి కొన్ని వారాలు ఆగాలి. ఆ ప్యాకేజీ ఎన్ని వారాల జీతమో అన్ని వారాలూ కూడా ఆగాలి' అంది. 'వాళ్ళే మానెయ్యమన్నారమ్మా' అంటే, 'అయితే ఆ మాట వాళ్ళని చెప్పమనండి, చూస్తాం' అంది. ఫోన్ చేస్తే ఈ పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? 'నేనెప్పుడన్నాను? నువ్వేగా రాసిచ్చావ్!' ఛీ! ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు. ఇంట్లో యోగానంద్‌ది ఇంకో గోల. 'డోల్ కోసం లైన్లో నిలబడతావా, నలుగురూ ఏమనుకుంటారు?' అని. ఆ నలుగురూ వచ్చి నీ అద్దె కడతారా అని నేనే అడిగేశాను.

ఇంతలో ప్యారమటా పార్కులో సంఘంవాళ్ళ బార్బీ, అదే, నిప్పుల మీద కాల్చుకు తినే విందు, వచ్చింది. రామచంద్ర మైకు పట్టుకుని, 'మన పిల్లలు కష్టపడి సిడ్నీలో తెలుగువాళ్ళ పేరు నిలబెట్టారు' అంటున్నాడు. ఈ పిల్ల పేపర్ ప్లేటు గడ్డిలో పెట్టి లేచింది. ఎన్నడూ గొంతెత్తి ఎరగదు. 'రామచంద్రగారూ, నేను మానేశానా, మీరు మాన్పించారా? ఇక్కడ చెప్పండి!' అంది. మొగుడు చెయ్యి పట్టుకు లాగితే విదిలించేసింది. డాక్టర్లూ ఇంజనీర్లూ అందరూ మొక్కజొన్న కంకులకేసి చూస్తూ కూర్చున్నారు. చివరికి ఆ రామచంద్ర వాళ్ళావిడ శేషుకుమారి లేచి, 'టీమంతటి చేతా అలాగే రాయించానని నాతో చెప్పారుగా. ఇప్పుడు వీళ్ళకీ చెప్పండి' అంది. చచ్చినట్టు ఆ మైకులోనే అన్నాడు, 'నేనే రాయమన్నాను' అని. సోమవారం కౌంటరు దగ్గరికి తనే వెళ్ళి అదే చెప్పాడు. మానేసినందుకు ఆగమన్న వారాలు ఎత్తేశారు. ప్యాకేజీ వారాలు మాత్రం ఆగాల్సిందేనన్నారు. ఆగింది. 'నా అంతట నేను పోలేదని తెలిసిందిగా పిన్నిగారూ, చాలు' అంది నాతో.

మళ్ళీ కంప్యూటర్ల జోలికి పోలేదు. చదువుకుని బ్లాక్‌టౌన్‌లో లెక్కల టీచరైంది. పిల్లలు ప్రాణం పెట్టేవాళ్ళు. అంతలోనే కాన్సరు. అంత్యక్రియలకి రామచంద్ర కూడా వచ్చాడు. నా పక్కకొచ్చి 'మంచి మనిషండీ' అన్నాడు. ఆ రోజు గదిలో కనబడలేదా ఆ మంచి మనిషి, అన్నాను, అందరికీ వినబడేట్టే. ఏడుస్తూ నిలబడ్డాడు. ఏడవనీ...

ఏమే, కాఫీ తాగుతావా, టీ పెట్టనా?