మాలేసుకున్న ఇంట్ల మందుగోళీ

పొద్దుగాలసంది ఆ గోడదిక్కే జూసుకుంట కూసున్నవ్, మామా. నా చేతి రొట్టె తినవు, సరే. మాటన్న మాట్లాడవా? కోడలు ఏం జేసిందని? మాంసం వండిన్నా? గుడ్డు దెచ్చిన్నా?

ఆఁ, తెలుసు. అంబాదాస్ బావ నీ చెవులూదిండు గదా! నా బిడ్డ కోమల్ మింగే ఎంటికల మందుగోళీ ఉన్నదే, దాని మీది తొడుగు జంతువుల బొక్కలతోని, తోలుతోని జేస్తరని. ఔ, జేస్తరు. నాందేడ్ల డాక్టర్‌ను నేనే అడిగిన. తాతల కాలంసంది తులసిమాల ఏసుకొని నీసు ముట్టని ఇల్లు మాది, అని గుడ జెప్పిన.

ఆయన ఏమన్నడో ఇను. పిల్ల తల మీద ఎంటికలు రాలి, పైసలంత పైసలంత నున్నగైంది. రక్తంల జింక్ తక్కువుంది, విటమిన్ డి తక్కువుంది. ముందు అవి నిండాలెనట. ఎంటికలు తప్పక అస్తయని మాటియ్యలే. అయినా ఇస్త! చేతులు ముడుసుకొని కూసోమంటవా?

నేనేం సోయిలేక ఇచ్చిన్నా? మొదలు ఆ తొడుగు ఇప్పి పారేసిన. లోపలి పొడి జొన్నపిండిల గలిపి రొట్టె జేసిన. నీ మనుమరాలేమో తాతకు పెట్టంది ముద్ద ముట్టదాయె! సగం రొట్టె నీ కంచంల్నే వడ్డది. దాని మందు నువ్వే తిన్నవ్, మామా. మూతి ముడువకు, నిజం!

జెప్తే, తొడుగు ఇప్పద్దని డాక్టర్ కోపంజేసిండు. నీళ్లమందు దెస్తే పిల్ల కక్కింది. మల్లేం జెయ్యాలె? తొడుగుతోనే మింగిపిస్తున్న.

ఏందీ? కోమల్ మెడల మాల తియ్యాల్నా?

బడిల టోపీ గుంజి నవ్విండ్రు దాన్ని. ఏడ్వకుంట ఇంటికచ్చింది. 'ఎంటికలు వోతే వోయినయమ్మా, తాత పండరిపురంల ఏసిన మాలుంది గదా' అన్నది. అది గుడ తెంపుతవా? ఆ మాలను ముట్టుకుంటే మామవని జూడది నీ కోడలు సారిక, చెప్తున్న!

ఇంకో మాట ఇను. పోరికి తెల్వది. 'ఆ తొడుగు దేనితోని జేస్తరే అమ్మా' అని అడిగితే, గంజితోని అన్న. విఠోబా పటం ముంగట నిలవడే అన్న. అబద్ధమాడిన మెడల ఉండద్దని, అనంగనే నా మాల నేనే తీసి దేవుని గూట్ల వెట్టిన. ఇగో, జూడు నా మెడ.

బోసిగుంది గదా? నాకూ మనసున వడ్తలేదు. అయినా రేపు గుడ మింగిపిస్త, మల్ల అడిగితే మల్ల గంజే అంట. పాపం తగిలితే నా తలకే తగలని. నా ఎంటికలు వోతే వోనీ!