నలభై ఒకటోది

బోగోలు బస్టాండు ఎదురుగా మధుబాబు సెల్‌ఫోన్ల కొట్టు. ఉదయం పదకొండు. చూపు మందగించి ఏడాదిగా ఒడ్డునే ఉంటున్న చిన్నపోలయ్య, తన పాత ఎంపీత్రీ డబ్బాను కౌంటరు మీదకు విసిరినంత పని చేశాడు.

"పాటలొస్తా ఉండాయంటరా, పాటలు! నా అల్లుడు నడిసముద్రంలో పాటలు వింటా కూర్చోవాల్నా?"

"పాటల డబ్బాలో పాటలు గాక ఇంకేం వస్తాయి తాతా? నిన్న దీంట్లో ఉండేవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి ఇచ్చినా. ఒక్కటి కూడా పోలా."

"పోలేదంటే ఎట్టరా మధూ? ముందర పది గుర్తులుండాల. ఆ తర్వాతే పాటలు. సుబ్బు ఏడింటప్పుడు ఫోన్ చేసినాడు. ఆరోది పెడితే పాటొచ్చిందంట. ఇంకో మాట చెప్పేలోపల తెగిపోయింది. అప్పట్నించీ నీ కొట్టు ముందర కాపలా. పదకొండింటికా తెరిచేది?"

"సరే, ఇప్పుడు తెరిచినా గదా. గుర్తులంటే ఏంది?"

"వల యాడ వెయ్యాల్నో, యాడ వెయ్యకూడదో. దీపస్తంభం, తాటితోపు ఒక వరసలోకి వచ్చేదాకా పో, పదకొండు బారల లోతు రాంగానే దించు... అట్ట. నా గొంతుతో చెప్పిపెట్టినా. సుబ్బుది పులికాట్ సరస్సు. మొలలోతు నీళ్లలో పెరిగినోడు. ఈ సముద్రం సంగతి వాడికేం తెలుసు? అడుగున మునిగిన పడవ ఒకటుంది. దానిమీద పడిందంటే వల పీలికలే!"

"కాగితం మీద రాసివ్వలేకపోయినావా?"

"రాయడం వస్తే నీ కొట్టుకెందుకొస్తాన్రా?"

"ఫోన్ చెయ్యి మళ్లీ."

"పదిసార్లు చేయించినా. అందుబాటులో లేడంటా ఉంది ఆ పిల్ల. ప్రతిసారీ అదే మాట. విసుగు కూడా రాదు దానికి."

"ఉండు, పాతది కంప్యూటరుకి తగిలిస్తా. బ్యాటరీ ఉబ్బినా, తీగతో బతుకుతాది... ఆఁ. వచ్చినాయి. అయ్యో."

"ఏంది అయ్యో?"

"కంప్యూటర్లో కొత్తగా చేసినవి పైన కనబడతాయి తాతా. పాతవి అడుగున. నేను పైనుంచి ఒక్కోటీ ఎక్కించుకుంటా పోయినా. ఆ కొత్త డబ్బా ఎక్కించిన వరసలోనే పాడతాది. అంతే. తిరగబడింది."

"తిరగబడిందంటే?"

"మొదటిది చివరికి పోయింది. చివరిది మొదటికొచ్చింది."

"చివరిదా? మొదటికా?"

"ఆఁ. దానికంత కంగారెందుకు? సుబ్బన్న ఒకసారి ఆపి, మొదట్నించి పెట్టుకుంటాడు."

"పెట్టుకుంటాడనే గదరా నా ఏడుపు!"

"ఏం, ఆ చివరిదాంట్లో ఏముంది?"

"ఏదో ఉంది."

"ఉండు. నలభై ఒకటుండాయి ఇక్కడ. పది గుర్తులు, ముప్పై పాటలు. ఆ మిగిలిన ఒకటేంది?"

"నువ్వు లెక్క తప్పుంటావు."

"లెక్కపెట్టింది నేను కాదు, కంప్యూటరు."

"అయితే అదే తప్పుంటాది!"

"ఓ... మునిగిన పడవుండే చోటా అది?"

"ఆఁ. ఆఁ, అదే. అదే అనుకో."

"అనుకోవడమేంది? ఒక్క నిమిషం వింటే తెలిసిపోతాది..."

"వినబాక! నొక్కినావంటే చెయ్యి ఇరగ్గొడతా!"

"నాకేమన్నా వల ఉందా, పడవ ఉందా? వింటే ఏం పోతాది? నిన్నా ఇంతే. ఎక్కించేదాకా పక్కనే కూర్చుని, ఒక్కటి కూడా విననియ్యలా. ఒకటన్నా విని ఉంటే వరస తప్పిందని నిన్ననే తెలిసేది గదా!"

"ఇప్పుడు తప్పు నాదా?"

"నాదేలే. ఇదుగో, అన్నిటికంటే కొత్తది ఉగాదినాడు చేసినట్టు చూపిస్తా ఉంది. ఆరోజు సుధాకరన్న ముత్తుకూరు నించి వచ్చినాడు గదా?"

"నా కొడుకు ఎప్పుడొచ్చిందీ కూడా ఆ కంప్యూటరే చెప్తా ఉందా?"

"నేనే చూసినా తాతా, బస్సు దిగతా ఉంటే. పవర్ ప్లాంటులో పని మానేస్తాడంటనా?"

"ఎప్పుడో ఒకనాడు మానేస్తాడు. నాలుగేళ్లయింది సముద్రంలో కాలుపెట్టి, అయినా వస్తాడు. వచ్చిననాటికి వాడిది వాడికి ఉండాల గదా."

"వాడిదేంది?"

"నీకెందుకు? ఫోన్ చెయ్యి."

"చేస్తా ఉండా... అందుబాటులో లేదు."

"పోనీలే. ఆ ఇంజను మోతలో ఏది పెట్టినా వాడికేం వినబడతాదిలే."

"అదేం మాట? పాతదైతే చెవుల్లో పెట్టుకోవాల. కొత్తదానికి స్పీకరుంది. పడవ ఆ కొస నుంచి ఈ కొసకి వినబడతాది. ఏరి మరీ ఇచ్చినా నీకు!"

"స్పీకరు ఎవడడిగినాడురా నిన్ను!"

"మంచి చేసినా తిట్లేనా? ఇదుగో, మోగతా ఉంది. సుబ్బన్నే."

"ఇటు తే, చెవికాడ పెట్టు."

"నాకూ వినబడాల, పొద్దున్నించీ తిట్లు తింటా ఉండా. గట్టిగా వినబడేట్టు పెట్టినా. మాట్లాడు."

"మామా. ఒడ్డుకొస్తా ఉండాం."

"సుబ్బూ! వల ఎట్టుంది? చినిగిందా?"

"చినగలా. నిండింది. నీ కూతుర్ని చేసుకుని పదకొండేళ్లయింది మామా, వల ఇట్ట నిండడం ఒక్కనాడూ చూళ్లా. ఎత్తలేక ఎత్తినాం."

"నిండిందా! బతికించినావురా నాయనా. అయితే ఆరో గుర్తు దొరికింది."

"దొరకలా. ఆపేసి, మొదట్నించి పెట్టినా."

"మొదట్నించా... ఏం విన్నావు?"

"నువ్వు చెప్పిందే విన్నా. 'సుధాకరా, ఇది నీ ఒక్కడికే చెప్తా ఉండా. నువ్వు తిరిగొచ్చిందాకా ఈ చోటు ఇట్నే ఉండాల. మీ బావకి చెప్పబాక.' ఆ తర్వాత దారి. శానా బాగా చెప్పినావు మామా. చిన్నపిల్లోడు కూడా పోగలడు."

"సుబ్బూ... అది గాదురా... అది..."

"నువ్వేం దిగులుపడబాక. నేనెవరికీ చెప్పలా. పడవలో ఐదుగురం కలిసే విన్నాం."