వార్డులో దంతధావనం నేర్పిన వీరవేణి గారు

1979 జూన్ 4వ తేదీన శ్రీమతి వీరవేణి గారు సనాబిస్‌లోని మన మానసిక చికిత్సాలయంలో ఆయాగా ఉద్యోగబాధ్యతలు స్వీకరించారు. అమలాపురం ప్రాంతం నుంచి ఇంటిపనికి బహ్రెయిన్ వచ్చిన ఆమె, తాము పనిచేసే కుటుంబం దేశం విడిచి వెళ్లడంతో ఇక్కడ చేరి, ఏడేళ్లపాటు వార్డులు శుభ్రపరచి, 1986లో దంతవైద్యుల గదికి సహాయకురాలిగా నియమితులయ్యారు. స్కిజోఫ్రీనియాతో ఏళ్ల తరబడి మన వద్ద ఉండిపోయినవారి నోళ్లు, మందుల వల్ల తడారి, తీపి టీకి పుచ్చి, శుభ్రపరచుకోవాలన్న ధ్యాసే లేక ఎంతగా శిథిలమయ్యాయో ఆమె అక్కడే గ్రహించారు.

1992 నాటి సంగతిని ఈ వీడ్కోలు సంచికలో రాయవద్దని మిత్రులు కొందరు సూచించారు. అది విడిచి వీరవేణి గారి సేవను వర్ణించడం నాకు సాధ్యం కాలేదు.

జగిత్యాల వైపు నుంచి భవన నిర్మాణపు పనికి వచ్చి, జబ్బుపడి మన వార్డులో చేరిన బాలన్న, డ్యూటీ నర్సుగా ఉన్న నాతో, "సారూ, నా పన్నుల ఎవడో కూసుండి సుత్తెతోని కొడుతుండు. బువ్వ తిననిస్తలేడు" అన్నాడు. అతనికి లేనిపోని గొంతులు వినిపించడం పరిపాటి కనుక, నేను నోరు తెరిపించి చూడకుండానే రికార్డులో 'భ్రమ' అని రాశాను. మూడోనాడు అతని దవడ వాపు గమనించిన వీరవేణి గారు, "ఓసారి నోరు తెరువు బాబూ, నేను చూత్తాను" అని బుజ్జగించి చూసి, నా వైపు తిరిగారు.

"ఇది బ్రమ కాదండి. చీము పట్టేసింది. మెడకి దిగిపోతందండి."

వెంటనే పెద్దాసుపత్రికి తరలించాం. రెండు రోజులకు బాలన్న మరణించాడు. వీరవేణి గారు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంత తేలికపడేవాడిని.

వారం తిరక్కుండానే ఆమె బ్రష్షులు పట్టుకుని వార్డుకు వచ్చారు. పేస్టులో విషం కలిపారని అచ్చిబాబు అనే రోగి మొహం తిప్పుకుంటే, అదే పేస్టుతో ముందు తమ పళ్లు తోముకుని చూపించారు. "నీకు బుద్ధి పుట్టినప్పుడే తోముకో. నేనిక్కడే కూచుంటాను" అన్నారు. పదకొండు ఉదయాలు అలాగే కూర్చున్నారు. పన్నెండో ఉదయం అతను బ్రష్షు అందుకున్నాడు. "ముందు నోరు చూడండి, తరవాత రాయండి" అని మాకూ నేర్పారు. అందరూ నేర్వలేదు, పళ్లన్నీ పోగొట్టుకున్నవారూ ఉన్నారు. అయినా ఆరేళ్లలో ఒక్క ఉదయమూ ఆమె మానలేదు.

ఈ నెలాఖరున వెళ్లిపోతున్న ఆమె స్థానంలో ఇంతవరకు ఎవరినీ నియమించలేదు. మొన్న అచ్చిబాబు, "మీరెళ్లిపోయాక ఎవరొత్తారమ్మా?" అని ఆమెను అడిగాడు. "నేనొస్తాను" అన్నాను. "ఆళ్లు అనుమానపడితే కోప్పడకండి బాబూ" అని మాత్రం ఆమె అన్నారు.

ఈ 1998 ఏప్రిల్ 30న పదవీ విరమణ చేస్తున్న వీరవేణి గారు, తమ కుమార్తె శ్రీదుర్గ చెంత సంపూర్ణ ఆరోగ్యంతో, కంటినిండా నిద్రతో, సుదీర్ఘకాలం జీవించాలని, బాలన్న మరణం తాలూకు బరువు ఆమె మనసును ఇక బాధించకూడదని ప్రార్థిస్తున్నాను. దానిని మోయవలసినవాణ్ని నేను.

— భీమేశ్వరరావు, స్టాఫ్ నర్సు